పగిలేది అద్దం... చిరిగేది జేబు

బంతి లోపలికొచ్చింది. కిటికీ అద్దం కిందికొచ్చింది. పిల్లాడు వీధి చివరికి పరుగు తీశాడు. సెలవుల్లో ఏ ఇంట్లోనైనా జరిగేదే. అసలు కథ ఆ తర్వాతే. ‘‘ఈ మాత్రం అద్దానికి ఇంతాండీ?’’ అని ఇంటావిడ నోరెళ్లబెడుతుంది. ‘‘అద్దానిదేముందండీ... బీడింగూ, మనిషి కూలీ, ఆటో అన్నీ కలిపేనండి’’ అంటాడు షాపాయన.

ఆ మాటలో నిజముంది. చిన్న పలకైతే అద్దం ధర కన్నా బిగింపు ఖర్చే ఎక్కువ కావచ్చు. ఒక పలకకైనా నాలుగు పలకలకైనా పనివాడు రావాల్సింది ఒక్కసారే. అందుకే బీటలు వారినవీ, వదులుగా గలగలలాడేవీ అన్నీ చూసి ఒకే విడతలో వేయించుకుంటే కలిసొస్తుంది.

కొలతలోనే కిటుకు

అద్దం ధర చదరపు అడుగు లెక్కన ఉంటుంది. 22 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పున్న పలక రెండున్నర చదరపు అడుగుల లోపే. కొన్నిచోట్ల కొలతను పై అంకెకు సరిచేసి 24, 18గా లెక్కగడతారు. అప్పుడు సరిగ్గా 3 చదరపు అడుగులవుతుంది. మిగిలిన ముక్క ఇంకెవరికీ పనికిరాదన్నది వారి వాదన. ఏ లెక్కన కడతారో ముందే అడిగితే పేచీ ఉండదు.

చెక్క చట్రమైతే అద్దాన్ని ఒక నూలు తక్కువగా కోయించాలి. వానల్లో చెక్క ఉబ్బి అద్దాన్ని నొక్కేస్తుంది మరి. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు. కొలత తప్పితే పలకంతా దండగే. అయినా పిల్లలు తిరిగే చోట, స్నానాల గదిలో అదే మేలు. పగిలితే కత్తుల్లా కాక చిన్న చిన్న గుళ్లుగా రాలుతుంది.

ఉప్పుగాలి, ఇనుప చట్రం

కాకినాడ, అంతర్వేది, నరసాపురం వైపు ఇళ్లకు మరో శత్రువుంది... ఉప్పుగాలి. ఇనుప చట్రం తుప్పు పట్టి ఉబ్బితే అద్దం మూల నుంచి బీట వారుతుంది. ఆ తుప్పు గీకి, రెడాక్సైడు పూయకుండా కొత్త అద్దం బిగిస్తే డబ్బు రెండుసార్లు పోసినట్టే.

మసకబారిన అద్దాలన్నీ మార్చాల్సిన పనిలేదు. ఏసీ గది కిటికీకి బయటివైపు పట్టే మంచు, గాలిలోని తేమ చల్లని అద్దం మీద చేరడమే. తుడిస్తే పోతుంది. బోరునీటి తెల్లమరకలకు నిమ్మరసమో వెనిగరో చాలు. రెండు అద్దాల నడుమ ఖాళీ ఉన్న రకంలో లోపల మసక చేరితే మాత్రం అంచు సీలు పోయినట్టు. తుడవడం కుదరదు, ఆ జంట అద్దాన్ని మార్చాల్సిందే.

గాలివాన ముందే...

‘అట్ట అడ్డం పెట్టాం కదా, పండగకి చూద్దాంలే’ అనుకునే ఇళ్లే ఎక్కువ. గోదావరి జిల్లాల్లో ఆ వాయిదా ప్రమాదం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి కూలిన కొబ్బరిచెట్లను ఇక్కడివాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. పెనుగాలిలో కిటికీ పగిలితే వాన రావడం ఒక్కటే కాదు. లోపల చేరిన గాలి పైకప్పును కిందినుంచి ఎత్తుతుంది, బయటి గాలి పైకి లాగుతుంది. రేకులు, పెంకులు లేచిపోవడానికి అదీ ఓ కారణం. అద్దానికి అడ్డంగా, నిలువుగా టేపు అంటిస్తే బలం రాదు. ప్లైవుడ్ పలక బిగించడమే నయం. పాత మండువా ఇళ్లలో చెక్క రెక్కలు మూసి గడియ పెడితే ఆ పని జరిగిపోయేది.

తుపాన్ల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అద్దాల పనంతా వినాయక చవితి నాటికే ముగిస్తే ఇంటిల్లిపాదికీ నిశ్చింత. ఆ వీధి చివర పిల్లాణ్ని కూడా ఇక ఇంట్లోకి పిలవొచ్చు!