కాఫీ మర కొనబోయే ముందు

మా అత్తగారు కాఫీ గ్లాసు సగంలో కింద పెట్టేశారు.

ఇదీ ఒక విశేషమేనా అని మీరు నవ్వవచ్చు. కాని ఆవిడకు ఎనభయ్యారేళ్లు. పులుపు మానేశారు, కారం మానేశారు, రాత్రిపూట అన్నం ఎప్పుడో మానేశారు. నోరు విప్పి కావాలని అడిగేది తెల్లవారుజాము కాఫీ ఒక్కటే. అదీ సగంలో వదిలేస్తే నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది.

"బాగాలేదా అత్తయ్యా?" అన్నాను.

"బాగానే ఉందమ్మాయీ, చాలు" అన్నారు.

మా అత్తగారు "బాగానే ఉంది" అన్నారంటే బాగాలేదనే అర్థం. నలభై ఏళ్లకు పైబడిన కాపురంలో ఆమాత్రం తెలుసుకోలేనా? నా గ్లాసు తీసుకుని శ్రద్ధగా తాగి చూశాను. చేదు ఉంది, రంగు ఉంది. వాసన మాత్రం లేదు. ధర తగ్గించారు కదా అని నెల కిందట ఒక్కసారిగా అరకిలో పొడుం పొట్లం తెచ్చి డబ్బాలో పోశాను. ఆ పొదుపు ఫలితం ఇది.

కాఫీ వాసనంతా గింజలో దాగి ఉంటుంది. గింజగా ఉన్నంతకాలం అది నెమ్మదిగా పోతుంది. పొడుం చేసిన క్షణం నుంచీ నాలుగు వైపులా గాలి తగిలి పరుగెత్తిపోతుంది. వేయించిన గింజలు మూత బిగించిన డబ్బాలో రెండు మూడు వారాలు బాగా ఉంటే, పొడుం నాలుగైదు రోజులకే నీరసిస్తుంది. మన పెద్దవాళ్లు ఏ రోజుకారోజు మర తిప్పుకున్నది ఇందుకే.

మా ఇంట్లోనూ ఒక మర ఉండేది. పీటకు మేకులతో బిగించిన ఇనుప మర. అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాన్ని ఏం చేశానో తరవాత చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

సరే, గింజలు తెప్పించి ఇంట్లోనే ఆడించుకుందామని నిశ్చయించాను. మావారు రిటైరై అయిదేళ్లయింది. పింఛను లెక్క చూసుకుని ఖర్చు పెట్టే సంసారం మాది. "రెండువేలు దాటకూడదు" అన్నారు. "దాటదు" అన్నాను. "కరెంటుది ఉండగా చేతిది ఎవరు తిప్పుతారోయ్" అని ఆయనే బజారుకు వెళ్లి, మీట నొక్కితే గిర్రున తిరిగే చిన్న యంత్రం ఒకటి పట్టుకొచ్చారు. వెయ్యి రూపాయల పైచిలుకు.

మరునాడు ఉదయం అయిదింటికి ఫిల్టరు వేశాను. ఆరయింది, ఏడయింది. డికాక్షను దిగదు. మావారు చెంచాతో ఫిల్టరు నెత్తిన కొట్టడం మొదలుపెట్టారు. ఎనిమిదింటికి అడుగున రెండు చెంచాల నల్లటి విషం తయారైంది. ఇంకోరోజు కాసేపే తిప్పాను. ఈసారి నీళ్లు పోసినవి పోసినట్టే కిందికి జారిపోయాయి. ఒకనాడు చేదు, ఒకనాడు కుడితి. అత్తగారు రెండు రోజులూ "బాగానే ఉంది" అన్నారు.

అప్పుడు పొడుం తెల్ల కాగితం మీద పోసి చూశాను. సగం మైదాపిండి, సగం గోధుమ నూక. పిండి ఫిల్టరు కన్నాలను మూసేసి చేదంతా దింపుతోంది. నూకలోంచి సారమే దిగడం లేదు. రెండూ ఒకే గ్లాసులో!

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. తిరగలి విసిరిన వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఆ యంత్రం లోపల ఉన్నది కత్తి. కత్తి దొరికిన గింజను దొరికినట్టు నరుకుతుంది. తగిలిన గింజే మళ్లీ మళ్లీ తగిలి పిండి అవుతుంది, తప్పించుకున్నది ముక్కగా మిగులుతుంది. ఎక్కువసేపు తిప్పితే పొడుం వేడెక్కి ఉన్న వాసన కూడా పోతుంది. మరలో అల్లా కాదు. పళ్లున్న రెండు చక్రాల మధ్య ఖాళీ ఎంత ఉంటే నలుసు అంతే అవుతుంది. అంతకంటె పెద్దది కిందికి దిగలేదు, దిగినది మళ్లీ నలగదు. తిరగలి రెండు రాళ్ల పద్ధతే అది. బజారులో కత్తి దాన్ని బ్లేడ్ గ్రైండర్ అనీ, చక్రాల దాన్ని బర్ గ్రైండర్ అనీ అంటారు. ఈ కిటుకు పాతదే. ఇవాళ కార్లకు పేరుపడ్డ ఫ్రాన్సు దేశపు ప్యుజో వారు 1840లోనే కాఫీ మరలు చేయడం మొదలుపెట్టారు.

కరెంటుతో తిరిగే చక్రాల మర మంచిదే. కాని కాస్త నమ్మకమైనది కొనాలంటే నాలుగైదు వేల పైమాటే. మన రెండువేలలో దొరికేది చేతిమర. ఆ డబ్బుకు మోటారు కావాలంటే చక్రాలు రావు. చక్రాలు కావాలంటే మోటారు రాదు. నా మాట వింటే చక్రాలే తీసుకోండి. మోటారు మన చెయ్యి చూసుకుంటుంది.

చేతిమర కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. మొదటిది, నడిమి కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. లొటలొటలాడితే వద్దు. కడ్డీ ఊగితే చక్రాల మధ్య ఖాళీ నిలవదు, మళ్లీ పిండీ నూకే. రెండోది, పిడి తగులుకునే చోటు. చవక మరల్లో అక్కడి అంచులు ఆరు నెలలకే అరిగి పిడి జారిపోతుంది. మూడోది, ఎన్ని గింజలు పడతాయి? పెద్ద చెంచాడు గింజలు సుమారు అయిదు గ్రాములు. మా ముగ్గురికీ ఉదయానికి అయిదు చెంచాలు కావాలి. చాలా చిన్న మరల్లో పాతిక గ్రాములు పడతాయి గనుక ఒక్క విడతలో సరిపోతుంది. ఆరుగురున్న ఇంట్లో రెండు విడతలు తిప్పాలి. నాలుగోది, సన్నమూ లావూ మార్చే మర చేతికి సులువుగా తిరగాలి. టకటకమని మెట్లు మెట్లుగా తిరిగితే ఎక్కడ ఆపామో రేపు గుర్తుంటుంది.

చక్రాలు పింగాణీవీ ఉంటాయి, ఉక్కువీ ఉంటాయి. ఉక్కువి త్వరగా ఆడతాయి, ధర ఎక్కువ. పింగాణీవి తుప్పు పట్టవు, చవక. కాని గింజల్లో చిన్న రాయి ఉంటే పన్ను విరుగుతుంది. బియ్యం ఏరినట్టు గింజలను చేత్తో ఒకసారి చూసి పొయ్యడం మేలు.

ఇక మన ఫిల్టరుకు పొడుం ఎంత సన్నం ఉండాలి? వేళ్ల మధ్య రాస్తే సన్న ఉప్పులా తగలాలి. బొంబాయి రవ్వలా తగిలితే లావు. ముఖానికి రాసుకునే పౌడరులా జారితే మరీ సన్నం. నీళ్లు పోసిన పావుగంట, ఇరవై నిమిషాల్లో డికాక్షను చాలావరకు దిగితే మీ మర సరిగ్గా ఉన్నట్టు.

కొత్త మరలో మొదటి గుప్పెడు గింజలూ ఆడించి పారబోయండి. మిరియాలు, ధనియాలు పొరపాటున కూడా వెయ్యకండి. ఆరు నెలలపాటు రసం వాసన వేసే కాఫీ తాగాలి. వారానికోసారి పొడి బ్రష్షుతో దులిపితే చాలు. ఉక్కు చక్రాలకు నీళ్లు తగలనివ్వకండి. చికోరీ కావలసినవారు పొడుం విడిగా కొని ఫిల్టరులోనే కలుపుకోండి. దానికి చెమ్మ పీల్చే గుణం ఉంది, మరలో వేస్తే అంటుకుపోతుంది. విడిగా కొంటే ఎంత వేస్తున్నామో మనకే తెలుస్తుంది. చికోరీ కలిపి అమ్మే పొట్లాల్లో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గకూడదని నిబంధన. అంటే తక్కిన 49 పాళ్లూ చికోరీ కావచ్చునన్న మాటే! పొట్లం మీద ఆ పాళ్లు అచ్చువేసి ఉంటాయి, చదువుకోండి.

అందరికీ మర అవసరమని నేను అనను. మీ వీధిలో ఎదురుగా ఆడించి ఇచ్చే కొట్టు ఉంటే, వారానికోసారి నూరు గ్రాములు తెచ్చుకోండి. ఆ రెండువేలూ మిగులుతాయి. మిక్సీయే గతి అయితే, క్షణం తిప్పి ఆపి, జాడీ కుదిపి, మళ్లీ క్షణం తిప్పి, సన్న జల్లెడ పట్టుకోండి. తిప్పే మనిషి లేని ఇంటికి మాత్రం చేతిమర తేకండి. నాలుగైదు నిమిషాల పనే అయినా రోజూ చేసేది. అది కూడా ఇల్లాలి నెత్తిన పడేటట్టయితే పదిహేను రోజుల్లో అటక ఎక్కుతుంది. మా ఇంట్లో ముందే ఒప్పందం రాసుకున్నంత పని చేశాను. తిప్పడం మావారిది, ఫిల్టరు నాది.

పద్ధెనిమిది వందలకు చేతిమర వచ్చింది. అరకు గింజలు పావుకిలో తెప్పించాను. మన మన్యం కొండల మీద గిరిజన రైతులు మిరియం తీగల పక్కన పండించే గింజలు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మావారు పేపరు ముందు పరుచుకుని, మర ఒళ్లో పెట్టుకుని తిప్పుతున్నారు. గరగరమని చప్పుడు. అత్తగారు గదిలోంచి గోడ పట్టుకుని మెల్లిగా వచ్చి కూర్చున్నారు. చెయ్యి చాచారు. పొడుం చిటికెడు వేశాను. రెండు వేళ్ల మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకొక్క పిసరు సన్నం" అన్నారు.

ఒక మెట్టు బిగించాం.

ఆ ఉదయం గ్లాసు ఖాళీ అయింది. ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ, "ఆ గిన్నె ఉందా అమ్మాయీ?" అన్నారు.

ఏ గిన్నె అని నేను అడగలేదు. 1984లో, మిక్సీ కొన్న కొత్తలో, వీధిలోకి వచ్చిన పాతసామాన్లవాడికి ఆవిడ పుట్టింటి మర వేసి స్టీలు గిన్నె తీసుకున్నాను. ఆవిడ ఊళ్లో లేని రోజు చూసి వేశాను. తిరిగి వచ్చాక ఖాళీ పీట చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ అనలేదు.

"ఉంది అత్తయ్యా. అందులోనే పప్పు నానబోస్తాను" అన్నాను.

"మంచి గిన్నే" అన్నారు.

మా అత్తగారి భాష నాకు తెలుసునని ముందే చెప్పాను కదా. కొత్త మరను ఆ గిన్నె పక్కనే పెట్టాను.