పిక్కకు కుదిరిన బూటు

వెనక్కి చూడకుండా పారిపోయినవాణ్ని ‘పిక్కబలం చూపించాడు’ అంటారు. పరుగుకి అంత ముఖ్యమైన ఆ పిక్కని బూట్లు తయారుచేసేవాళ్లు మాత్రం పెద్దగా పట్టించుకోరు. పాదం పొడవు చూస్తారు, నంబరు వేస్తారు, పెట్టెలో పెట్టేస్తారు. మోకాలిదాకా వచ్చే బూటులో ఎక్కువ భాగం ఉండేది పిక్క చుట్టూనే. ఆ చుట్టుకొలత ఎంతో పెట్టెమీద కనిపించడం అరుదు. సన్నటి కాళ్లున్నవాళ్లకి కష్టాలు అక్కడే మొదలవుతాయి.

గుంటూరు ఎండల్లో మోకాలిదాకా బూట్లు ఎవరికి కావాలి అంటారా? ఇద్దరికి కావాలి. ఎమ్మెస్ సీటొచ్చి షికాగోకో, టొరంటోకో విమానమెక్కే అమ్మాయికి కావాలి. నల్లరేగడి చేలో పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడకూలీకి కావాలి. ఒకరు మంచులో నడవాలి, ఇంకొకరు బురదలో నడవాలి. ఇద్దరి ఇబ్బందీ ఒకటే... పాదానికి సరిపోయిన బూటు పిక్క దగ్గర రోట్లో రోకలిలా ఆడుతుంది.

ముందు విమానమెక్కే అమ్మాయి సంగతి చూద్దాం. విదేశీ దుకాణాల్లో దొరికే ఆడవాళ్ల పొడుగు బూట్లు చాలావరకు పిక్క దగ్గర 14 నుంచి 15 అంగుళాల చుట్టుకొలతతో ఉంటాయి. పన్నెండు, పన్నెండున్నర అంగుళాల పిక్కున్న పిల్ల వాటిని తొడిగితే చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది. చూడ్డానికి బాగోదన్నది ఒక్కటే కాదు. నడుస్తుంటే బూటు చీలమండ దగ్గరికి జారి ముడతలు పడుతుంది. పైనుంచి మంచు లోపలికి జారి, కరిగి, సాక్సు తడిసిపోతుంది. వేలు పోసి కొన్న బూట్లు అలమరలో పడుంటాయి.

అసలు మన పాదాలకే మన సొంత కొలతలు లేవు. ఇప్పటికీ మనం చెప్పే ఆరో నంబరు, ఏడో నంబరు అన్నీ ఇంగ్లిషువాళ్లు వదిలివెళ్లినవే. అందుకే చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా 79 చోట్ల 1,01,880 మంది పాదాలు కొలిచింది. మనవాళ్ల పాదాలు పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పని తేలింది. ఆ లెక్కలతో ‘భ’ అనే పేరుతో కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. మంచి పనే. అయితే అదీ పాదం దగ్గరే ఆగుతుంది. పిక్క కొలుచుకునే పని మాత్రం ఇంకా మనదే.

పొడుగు బూటు మన ప్రాంతానికి మరీ కొత్తదేం కాదు. తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో పుట్టిన హీరో కృష్ణ 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు తెరకి కౌబాయ్‌ని తెచ్చారు. టోపీ, తుపాకీ, గుర్రం, పొడుగు బూట్లు... కుర్రకారుకి అదో మోజు. 2002లో ఆయన కొడుకు మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’లో అదే వేషం కట్టారు. అసలు కౌబాయ్‌లు ఆ బూట్లు తొడిగింది సోకు కోసం కాదు. పశువుల వెంట తిరిగేవాడికి ముళ్లు గుచ్చుకోకుండా, గుర్రం జీను కాలిని ఒరుసుకోకుండా కాపాడటానికి.

రబ్బరు బూటు కథా అలాంటిదే. ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గట్టిపరిచే పద్ధతికి 1844లో పేటెంటు తీసుకున్నాడు. 1853లో హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ ఫ్రాన్సులో రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా చెక్క జోళ్లతో పొలం వెళ్లిన ఫ్రెంచి రైతులు పొడి కాళ్లతో ఇంటికి రావడం మొదలెట్టారు. అంటే మోకాలిదాకా బూటు పుట్టింది పనిచేసే కాళ్ల కోసం. షోకేసులోకి చేరింది తర్వాత. విచిత్రమేమిటంటే, మన చేలల్లో పనిచేసే కాళ్లకి అది ఇంకా చేరనే లేదు.

నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు... ఏ వైపు వెళ్లినా నల్లరేగడే. వానపడితే జిగురు, ఎండకొడితే నెర్రెలు. ఆ నెర్రెల్లో, ఎలుక బొరియల్లో పాములు తలదాచుకుంటాయి. తొలకరితో మొదలయ్యే సేద్యం మాఘ ఫాల్గుణాల్లో కాయకోతలదాకా సాగుతుంది. పత్తికీ మిరపకీ కోతల కాలంలో కర్నూలు పడమటి ఊళ్లనుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. వాళ్లలో చాలామంది కాళ్లకి ఉండేది హవాయి చెప్పులు. అవీ జిగురు మట్టిలో తెగుతాయని గట్టుమీదే విడిచి చేలో దిగుతారు.

పాముకాట్లలో ఎక్కువభాగం పడేది మోకాలి కిందే. ముఖ్యంగా పాదం, చీలమండ దగ్గర. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. వాటిలో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యవే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తగ్గించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి గురించీ చెప్పే ప్రతి డాక్టరూ చేలో దిగేటప్పుడు కాళ్లు కప్పుకోమనే అంటారు.

మరి ఎందుకు తొడగరు? ‘వాళ్లకి అలవాటు లేదండీ’ అని తేల్చేయడం తేలిక. ఒకసారి తొడిగి చూస్తే కారణం తెలుస్తుంది. బజార్లో ఎక్కువగా దొరికే గమ్‌బూట్లు మగవాళ్ల నంబర్లలో ఉంటాయి. ఆడమనిషి పాదానికి అది ఒక నంబరు పెద్దది, పిక్కకి రెండు వేళ్లు కాదు, గుప్పెడు వదులు. నల్లరేగడి బురద బూటుని పట్టుకుంటే కాలు మాత్రం బయటికొస్తుంది. పది అడుగులకోసారి ఆగి బూటు లాక్కుంటూ ఉంటే కూలి గిట్టేదెలా? పైగా చీరమీద ఆ బూట్లు చూసి పక్కవాళ్లు నవ్వుతారన్న బిడియం. షికాగో అమ్మాయికి అందం ఎంత ముఖ్యమో, చేలో అమ్మకీ అంతే ముఖ్యం. నప్పని దాన్ని ఎవరూ రోజూ తొడగరు.

మందు కొట్టేచోట వదులు బూటుతో ఇంకో ప్రమాదముంది. పైనుంచి కారిన పురుగుమందు బూటులోకి దిగి, అక్కడే నిలిచి, చర్మాన్ని తడుపుతూనే ఉంటుంది. అందుకే ప్యాంటు అంచుని బూటు లోపలికి దోపకూడదు, పైనుంచి కిందికి వదలాలి. తోలు బూట్లు మందు పీల్చుకుంటాయి కాబట్టి ఈ పనికి రబ్బరువే మంచివి.

ఇక అసలు విషయం, కొలత. ఇంట్లో కుట్టుమిషను టేపు ఉంటే చాలు. సాయంత్రంపూట కొలవాలి, పగలంతా నడిచిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. కుర్చీలో కూర్చుని, పాదం నేలకి ఆనించి, మోకాలు నిటారుగా వంచాలి. పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టాలి. బూటుతోపాటు వేసుకునే సాక్సు, ప్యాంటు ఒంటిమీదుండగానే కొలవాలి. రెండు కాళ్లూ కొలిచి పెద్దదే లెక్కలోకి తీసుకోవాలి. నేలనుంచి మోకాలి మడత కిందివరకు ఎత్తు కూడా రాసుకోవాలి. దుకాణంలో బూటు పైఅంచు చుట్టూ టేపు పెట్టించండి. కాలికీ బూటుకీ మధ్య రెండు వేళ్లు దూరితే సరి. నాలుగు వేళ్లు దూరితే వదిలేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

సన్నకాళ్లవాళ్లు చూడాల్సినవి కొన్నున్నాయి. వెనకవైపు లేసు కట్టుకునేవి, పక్కన ఎలాస్టిక్ పట్టీ ఉన్నవి, పైన బకిల్‌తో బిగించుకునేవి. ఇవి కాలిని బట్టి సర్దుకుంటాయి. సాక్సులా పట్టేసే సాగుడు గుడ్డ బూట్లు మరీ నయం. తోలు బూటు వదులైతే, పనితనం తెలిసిన కుట్టేవాళ్లు జిప్పు పక్కన కుట్టు విప్పి లోపలికి తగ్గించగలరు. రబ్బరు బూటుకి ఆ వీలు లేదు. అందుకని పైఅంచున తాడుతో ముడిచే గుడ్డ ఉన్నవి వెతకాలి. మగపిల్లల నంబర్లలోనూ అడిగి చూడండి. చాలామంది ఆడవాళ్లకి అవే పాదంలోనూ పిక్కలోనూ కుదురుతాయి.

అవీ కుదరకపోతే పాత ఉపాయం ఒకటుంది. ఒకప్పుడు సిపాయిలు, పోలీసులు చీలమండనుంచి మోకాలిదాకా గుడ్డ పట్టీ చుట్టుకునేవాళ్లు. ఇంగ్లిషులో ఆ పట్టీకున్న పేరు కూడా మన ‘పట్టీ’ నుంచి పోయిందే. ఏ కాలికైనా సరిపోయేది అదొక్కటే! దానికి ఇప్పటి రూపం, పిక్క చుట్టూ చుట్టి అంటించుకునే మందపాటి గెయిటర్లు. మడమదాకా వచ్చే బూటు, పైన గెయిటరు... సన్నకాలికి ఇంతకన్నా కుదిరే జోడీ లేదు. బూటు కింద పాత జీన్స్ ప్యాంటు ఉన్నా మేలే. 2009లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషి అవయవాల నమూనాలకి జీన్స్ గుడ్డ తొడిగి, రాటిల్ స్నేక్‌లతో కాట్లు వేయించి చూశారు. లోపలికి దిగిన విషం దాదాపు మూడింట రెండువంతులు తగ్గింది. మన పాములు వేరు కాబట్టి లెక్క అంతే ఉంటుందనలేం. వదులుగా ఉన్న మందపాటి గుడ్డ కోరకీ చర్మానికీ మధ్య ఎడం పెంచుతుందన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏ బూటూ పూర్తి హామీ ఇవ్వదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లేటప్పుడు టార్చి, చేతికర్ర ఉండాల్సిందే. బూటు తొడిగేముందు తలకిందులు చేసి దులపాల్సిందే. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. వాపు రాకముందే పట్టీలు, మెట్టెలు, బిగుతు బూటు తీసేసి, కాలు కదలకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

పండక్కి చీరకి జాకెట్టు కుట్టించేటప్పుడు భుజం, చెయ్యి, నడుము... ఎన్ని కొలతలో! ప్రాణం నిలిపే బూటుకి ఒక్క నంబరుతో సరిపెట్టేస్తున్నాం. కూలీలకి బూట్లు పంచే సంఘాలు, రైతు కుటుంబాలు, దుకాణదారులు పాదం నంబరు పక్కన పిక్క కొలత కూడా రాసుకుంటే ఖర్చేమీ పెరగదు. గట్టుమీద మిగిలిపోయే బూట్లు తగ్గుతాయి. ఈసారి తొలకరి పడేలోపు ఇంట్లో టేపు ఒకసారి బయటికి తీయండి. ముందు అమ్మ కాలు కొలవండి.