మోకాలి నొప్పికి ఎంఆర్‌ఐ: ఎవరికి అవసరం? ఎవరికి భారం?

రామగిరి: మోకాలి నొప్పితో బాధపడేవారికి ఎంఆర్‌ఐ స్కాన్ ఎంతవరకు ఉపకరిస్తుంది? వేరుసెనగ చేలల్లో రోజంతా వంగి పనిచేసే కూలీలు, గుంటమగ్గంలో కాళ్లాడించే నేత కార్మికులు, ఏళ్ల తరబడి బరువులు మోసినవారు ఉన్న రామగిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ఎంతో ప్రాధాన్యం ఉంది. ప్రైవేటు కేంద్రాల్లో ఈ పరీక్షకు వేల రూపాయలు చెల్లించాలి. అనంతపురమో బెంగళూరో వెళ్లివచ్చే ఛార్జీలు, రోగితోపాటు తోడు వెళ్లినవారు కోల్పోయే కూలి అదనం. ఇంత వ్యయంతో తెచ్చుకున్న నివేదిక వల్ల చికిత్స మారితేనే దానికి సార్థకత. గాయపడిన మోకాలి విషయంలో ఎంఆర్‌ఐ తరచూ నిర్ణాయకమవుతుంది. వయసుతో అరిగిన మోకాలి విషయంలో మాత్రం చాలాసార్లు అది కొత్తగా తేల్చేదేమీ ఉండదు. పైగా అనవసరమైన ఆపరేషన్‌కు దారితీసే ప్రమాదమూ ఉంది.

ఎక్స్‌రేకు అందనిది

ఎక్స్‌రేలో ప్రధానంగా కనిపించేది ఎముక. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు, రెండు ఎముకల మధ్య మెత్తలా పనిచేసే నెలవంక ఆకారపు మెనిస్కస్, జనం గుజ్జుగా వ్యవహరించే మృదులాస్థి అందులో నేరుగా కనిపించవు. అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాల సాయంతో ఎంఆర్‌ఐ వీటన్నిటినీ చూపుతుంది. ఎముక లోపలి వాపును, ఎక్స్‌రేలో బయటపడని సన్నని పగుళ్లను కూడా పట్టిస్తుంది. ఎక్స్‌రే మాదిరిగా ఇందులో రేడియేషన్ ఉండదు. ఈ విధానానికి బాటలు వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అయితే గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు, శరీరంలో లోహపు భాగాలున్నవారు, వెల్డింగ్ పనుల్లో కంట్లో ఇనుప రజను పడినవారు ఆ సంగతి ముందుగా సిబ్బందికి తప్పక తెలపాలి.

గాయమైతే జాప్యం తగదు

కబడ్డీ ఆడుతూ కాలు మెలితిరిగినా, ద్విచక్ర వాహనంపై నుంచి పడినా, కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బితే లోపల లిగమెంటు తెగి ఉండవచ్చు. నడుస్తుండగా మోకాలు పట్టు తప్పడం, కాలు పూర్తిగా చాపలేక ఇరుక్కుపోవడం వంటి లక్షణాలనూ తేలికగా తీసుకోరాదు. ముందుగా ఎముక విరిగిందేమో ఎక్స్‌రేతో చూసి, ఆపై ఎంఆర్‌ఐ తీయిస్తే ఏది ఎంత మేరకు తెగిందో తెలుస్తుంది. ఆపరేషన్ చేయాలా, కట్టుతో, వ్యాయామంతో సరిపెట్టాలా అన్న నిర్ణయానికి అది ఆధారమవుతుంది. ఇలాంటివారు కట్టు కట్టించుకుని నెలలు గడిపితే పట్టు లేని కీలు లోపల మెనిస్కస్, గుజ్జు కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. హైదరాబాద్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ అనంతరం మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి బరిలో దిగిన సంగతి క్రీడాభిమానులకు తెలిసిందే.

రాత్రివేళ విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, బరువు తగ్గడం, గడ్డ కనిపించడం, కీలు క్షయ అనుమానం, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారిలో ఎముకకు రక్తప్రసరణ ఆగిపోయే స్థితి - ఇవన్నీ ఎంఆర్‌ఐ విలువను చాటే సందర్భాలే. జ్వరంతోపాటు మోకాలు ఎర్రబడి ఉబ్బితే మాత్రం స్కాన్ కోసం వేచి ఉండరాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కీలులోని నీరు తీయించి పరీక్ష చేయించాలి.

అరుగుదలకు లెక్క వేరు

యాభై ఏళ్లు దాటాక నెమ్మదిగా మొదలై, మెట్లెక్కినప్పుడు, కింద కూర్చుని లేచినప్పుడు బాధించే నొప్పికి సాధారణంగా అరుగుదలే కారణం. ఇక్కడే ఎంఆర్‌ఐ రోగిని తికమక పెడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల వయసున్న 991 మంది మోకాళ్లను స్కాన్ చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 35 శాతం మందిలో మెనిస్కస్ చిరిగి లేదా దెబ్బతిని కనిపించింది. అలా చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పిగానీ, పట్టేసినట్లుండటంగానీ లేనేలేదు. అదే పట్టణంలో ఎక్స్‌రేలో అరుగుదల కనిపించని 710 మందిపై జరిపిన పరిశీలన 2012లో వెలువడింది. వారిలో 89 శాతం మందికి ఎంఆర్‌ఐలో ఏదో ఒక మార్పు కనిపించింది. నొప్పి ఉన్నవారికీ లేనివారికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

అంటే తల నెరిసినట్లే మోకాలిలోనూ వయసు మార్పులు వస్తాయి. నివేదికలో ‘చిరిగింది’ అన్న మాట చూసి అదే నొప్పికి మూలమని, దాన్ని కత్తిరిస్తే బాధ తీరుతుందని భావించడం సహజం. పరిశోధనలు అందుకు భిన్నంగా చెబుతున్నాయి. అరిగిన మోకాలిని చిన్న రంధ్రం ద్వారా శుభ్రపరిచే ఆర్త్రోస్కోపీని, చర్మంపై కోత మాత్రమే పెట్టిన నకిలీ ఆపరేషన్‌తో అమెరికాలో 180 మందిపై పోల్చి చూశారు. అసలు ఆపరేషన్ వల్ల అదనపు ప్రయోజనం లేదని 2002లో తేల్చారు. వయసుతో చిరిగిన మెనిస్కస్‌ను కత్తిరించడంపై ఫిన్లాండ్‌లో 146 మందిపై జరిపిన అధ్యయనమూ 2013లో ఇదే మాట చెప్పింది. ఇలాంటి అరుగుదలకు ఆర్త్రోస్కోపీ వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం గట్టిగా సిఫార్సు చేసింది.

నిలబడి తీసిన ఎక్స్‌రే చాలు

అరుగుదల ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చాలావరకు సరిపోతుంది. శరీర బరువు పడినప్పుడు ఎముకల మధ్య ఖాళీ ఎంత తగ్గిందో అందులో తెలుస్తుంది. పడుకోబెట్టి తీసే సాధారణ ఎంఆర్‌ఐలో ఆ భారం ఉండదు. కీలు మార్పిడి అవసరమయ్యే ముదిరిన దశలోనూ సాధారణంగా ఎక్స్‌రే, రోగి బాధ తీవ్రతే ప్రాతిపదిక. వైద్యుడు తుంటిని కూడా పరీక్షించాలి. తుంటి కీలులోని లోపం మోకాలి నొప్పిగా బయటపడటం కద్దు. అలాంటప్పుడు మోకాలిని ఎన్నిసార్లు స్కాన్ చేసినా కారణం దొరకదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఫ్లోరైడ్ నీటి సమస్య కూడా తోడైంది. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎముకల్లో వచ్చే ఆ మార్పులు ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. బోరునీరు తాగుతూ వచ్చిన వివరాన్ని రోగులు వైద్యుడికి చెప్పడం మేలు.

చికిత్స ఇంటి దగ్గరే మొదలు

అరుగుదలకు తొలి చికిత్స తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, అధిక బరువు ఉంటే తగ్గడం. గొంతుక్కూర్చునే పనులు తగ్గించుకోవడం, మగ్గం దగ్గర మధ్యమధ్య లేచి కాళ్లు చాపడం ఉపశమనమిస్తాయి. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బులు రావచ్చు. అర్హత లేనివారితో మోకాలిలోకి ఇంజక్షన్లు వేయించుకుంటే కీలుకు చీము పట్టే ప్రమాదం ఉంది.

ఈ ప్రాంతవాసులకు బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పథకం 2007లో తొలివిడతగా ప్రారంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2024 నుంచి అది ఎన్టీఆర్ వైద్యసేవగా అమలవుతోంది. ఏ చికిత్స, ఏ పరీక్ష పథకం పరిధిలోకి వస్తాయో సొమ్ము చెల్లించే ముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. మండల కేంద్రాల్లోనే ఫిజియోథెరపీ అందితే అరుగుదల బాధితుల్లో అనేకులకు దూరప్రయాణాల అవసరం తగ్గుతుంది.

స్కాన్ రాసిచ్చినప్పుడు రోగి వైద్యుడిని సంకోచం లేకుండా ఒక ప్రశ్న అడగవచ్చు: ‘ఇందులో ఏం తేలితే నా వైద్యం మారుతుంది?’ దానికి స్పష్టమైన సమాధానం వస్తే అప్పు చేసైనా స్కాన్ తీయించుకోవడం సమంజసమే. సమాధానం లేకపోతే ఆ సొమ్మును, సమయాన్ని వ్యాయామ చికిత్సకు వెచ్చించడం ఉత్తమం.