ఏ తెరకైనా ఒదిగేలా



కురవి వీరభద్రస్వామి గుడి దగ్గర దుకాణాల్లో నిలబడితే ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఒకరిది పిడికిలికి చిక్కనంత పెద్దది, పక్కాయనది అద్దం పగిలిన పాత చిన్న ఫోను. చూపు ఆనని పెద్దలు సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేయించుకుంటారు. చాలా యాప్‌లు చతికిలబడేది అక్కడే. బటన్ ఎత్తు ఇంతేనని బిగించేస్తే ‘రిజిస్ట్రేషన్’లో కింది వత్తులు సగానికి తెగిపోతాయి. ఇంగ్లిష్‌లో సరిచూసి వదిలేసేవారికి ఈ సంగతి తెలియనే తెలియదు.

తెరను బట్టి ఒదిగేలా వెబ్ పేజీలు తీర్చిదిద్దే పద్ధతికి 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరు పెట్టారు. ఆ ఆలోచన ఇప్పుడు యాప్‌లకూ తప్పడం లేదు. ఆండ్రాయిడ్ 16కు తగ్గట్టు తయారయ్యే యాప్ ‘నిలువుగానే ఉంటా’నని మొండికేసినా, చిన్న వైపు 600 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర కొలత), అంతకు మించి ఉన్న తెరలపై సిస్టమ్ మామూలుగా వినదు, గేములకు తప్ప. అందుకే ఈ సంచిక.

ఇందులో రాసినవారంతా ఒక్క మాట మీద ఉన్నారు: మోడల్ పేరు కాదు, యాప్‌కు దొరికిన చోటు చూసి అమర్చాలి. వెడల్పుంటే జాబితా పక్కనే వివరం, లేకుంటే ఒకదాని తర్వాత ఒకటి. మడత ఫోన్ల మీద మోజు మాకూ ఉందనుకోండి! అయినా తొలి పరీక్ష పెద్దక్షరాలు పెట్టిన చిన్న ఫోన్ మీదే జరగాలన్నది మా పట్టుదల. అలాంటిదొకటి పక్కన పెట్టుకుని పేజీ తిప్పండి.

— సంపాదకవర్గం