మన పార్టీ అయితే అడగకూడదా?

ప్రతిపక్షం వాళ్ళు లేచి మంత్రిని ప్రశ్నించడంలో వింతేముంది అంటారు. శత్రువునైతే ఎవరైనా అడుగుతారు. మన తాతలు కూలి డబ్బుల్లోంచి చందాలిచ్చి కట్టుకున్న పార్టీని, ఊరంతా 'మనది' అని నమ్మే పార్టీని నిలదీయాలంటేనే దమ్ము కావాలి. ఈ సంచికలో ఎక్కడో ఉన్న వేల్స్ సంగతి ఎత్తుకున్నది అందుకే.

వేల్స్ బ్రిటన్‌కు పడమటి పక్కనున్న చిన్న దేశం. ముప్పై లక్షల పైచిలుకు జనం. తెల్లవాళ్ళంతా ఒకటే అనుకుంటాం గానీ వాళ్ళలోనూ పెత్తనం చేసినవాళ్ళున్నారు, పడ్డవాళ్ళున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో తల్లిభాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. బడిపంతుళ్ళం గనక ఆ చెక్కముక్క సంగతి చదివినప్పుడు మాకు మనసు చివుక్కుమంది. ఆ దేశానికి దక్షిణాన బొగ్గు లోయలున్నాయి. అందులో రోండా లోయ పేరెన్నికగన్నది. 1910లో అక్కడి టోనిపాండిలో గని కార్మికులు సమ్మె కట్టి తిరగబడితే, అప్పటి హోంమంత్రి చర్చిల్ పోలీసుల వెనక సైన్యాన్ని కూడా పంపించాడు. అట్లాంటి లోయల్లోంచే లేబర్ పార్టీ బలం పుంజుకుంది. నూరేళ్ళుగా రోండా జనం లండన్ పార్లమెంటుకు లేబర్‌నే గెలిపిస్తున్నారు.

మరి ఆ పార్టీ ఏం చేసింది? 1966 అక్టోబర్ 21న అబర్‌వాన్ అనే గని ఊళ్ళో కొండమీద పోసిన బొగ్గు వ్యర్థాల గుట్ట జారి బడిమీద పడింది. 144 మంది చచ్చిపోయారు. అందులో 116 మంది పిల్లలు. గుట్ట ప్రమాదమని ఊరివాళ్ళు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని విచారణ తేల్చింది. ఒక్కరికీ శిక్ష లేదు, ఒక్కడి ఉద్యోగం పోలేదు. మిగతా గుట్టల్ని తీసెయ్యమని తల్లిదండ్రులు అడిగితే, ఖర్చులో లక్షా యాభై వేల పౌన్లు బాధితుల సహాయ నిధిలోంచి ఇమ్మన్నారు. పిల్లలు పోయినవాళ్ళ కోసం లోకమంతా పంపిన చందా డబ్బు అది! అడిగింది టోరీలు కాదు, లేబర్ ప్రభుత్వం. అప్పుడు వేల్స్ వ్యవహారాల మంత్రి జార్జ్ థామస్. టోనిపాండిలో పెరిగిన గని కార్మికుల ఇంటిబిడ్డ. మనవాడే మంత్రి, మన డబ్బే కోత. ఆ కోతకు ఒప్పుకోని లేబర్ ఎంపీ ఎస్. ఓ. డేవిస్‌కు 1970లో పార్టీ టికెట్ ఇవ్వలేదు. ముసలాయన ఒంటరిగా నిలబడి గెలిచాడు. ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి 1997 దాకా పట్టింది. అదీ వడ్డీ లేకుండా. 2007లో వేల్స్ సొంత ప్రభుత్వం ఇంకో ఇరవై లక్షల పౌన్లు ఇచ్చింది.

సొంత శాసనసభ కావాలా వద్దా అని 1997లో ఓటు పెడితే, 6,721 ఓట్ల తేడాతో కావాలన్నది నెగ్గింది. 1999లో కార్డిఫ్‌లో సభ మొదలైంది. 2020 నుంచి దాని పేరు సెనెడ్. సభ నడిచే వారాల్లో ప్రతి మంగళవారం ఫస్ట్ మినిస్టర్ నిలబడి జవాబు చెప్పాలి. ప్రతిపక్ష నాయకులకు ముందుగా రాసివ్వకుండానే అడిగే హక్కుంది. తయారుచేసిన కాగితం చదివితే అక్కడ సాగదు. పాతికేళ్ళు సభ్యులు అరవై మందే. మంత్రుల్ని తీసేస్తే అడిగేవాళ్ళే కొద్దిమంది. 2026 ఎన్నికల నుంచి 96 మంది ఉండాలని 2024లో చట్టం చేసుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ సభలో లేబర్‌ను ఎడమవైపు నుంచి నిలదీసినవాళ్ళలో లియాన్ వుడ్ ఒకరు. పెరిగింది రోండాలోని పెనిగ్రెయిగ్. ప్రొబేషన్ ఆఫీసర్‌గా పనిచేసి, 2003లో ప్లైడ్ కమ్రీ పార్టీ తరఫున సభకొచ్చింది. 2004లో రాణిని 'మిసెస్ విండ్సర్' అన్నందుకు స్పీకరు మాట వెనక్కి తీసుకోమన్నాడు. ఈమె తీసుకోలేదు. సభలోంచి పంపేశారు. అట్లా పంపించిన మొదటి సభ్యురాలు ఆమే. పంపిన స్పీకరూ ఆమె పార్టీవాడే, చూశారా! 2012లో ఆ పార్టీకి తొలి మహిళా నాయకురాలైంది. పెద్దయ్యాక వేల్స్ భాష నేర్చుకున్న మనిషి, దాంట్లో గడగడా మాట్లాడలేని మొదటి నాయకురాలు కూడా. 2016లో రోండాలోనే నిలబడి పదవిలో ఉన్న లేబర్ మంత్రిని ఓడించింది.

అదే నెలలో ఫస్ట్ మినిస్టర్ ఎన్నికలో కార్విన్ జోన్స్‌కు 29, లియాన్ వుడ్‌కు 29 ఓట్లు పడ్డాయి. టోరీలు, యుకిప్ వాళ్ళు కూడా ఆమెకు ఓటేశారు. ఇంకేం, 'టోరీలతో చేతులు కలిపావు' అని లేబర్ ఎగబడింది. ఈ పాట మనకు కొత్తా? పేదల పార్టీని ఒక్కమాట అడిగితే చాలు, పేదల శత్రువు మనిషివైపోతావు. వారం తిరక్కుండానే రాయితీలు మాట్లాడుకుని ప్లైడ్ వాళ్ళు జోన్స్‌కు అడ్డు తీశారు. మళ్ళీ మంగళవారం అడగడమూ మానలేదు.

2018లో సొంత పార్టీ ఎన్నికలో ఆమెకు మూడో స్థానం వచ్చి నాయకత్వం పోయింది. అయినా ఆమె అడిగిన ప్రశ్నల్లో అసలైనది ఆ తర్వాతే వచ్చింది. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుఫానుకు రోండా మునిగింది. టైలర్స్‌టౌన్‌లో పాత బొగ్గు గుట్ట కొండవాలున జారింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. పెన్ట్రె ఊళ్ళో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. పైన కొండమీద చెట్లు నరికి వదిలేసిన కట్టెలు కొట్టుకొచ్చి కాలువ తూము మూసుకుపోయిందని జనం అన్నారు. ఆ అడవిని చూసేది ప్రభుత్వ సంస్థే. స్వతంత్ర విచారణ వెయ్యమని లియాన్ వుడ్ సభలో మళ్ళీ మళ్ళీ అడిగింది. చట్టప్రకారం కౌన్సిల్ నివేదిక రాస్తుంది, అది చాలు అన్నారు మంత్రులు. కౌన్సిల్ ఎవరిది? లేబర్‌ది. ప్రభుత్వం? లేబర్‌ది. దొంగ తన జేబు తానే వెతుక్కుంటానన్నట్టుంది.

2021 మేలో లియాన్ వుడ్ ఓడిపోయింది. గెలిచింది లేబర్. అడిగినందుకు జనం దండేసి మోస్తారని ఎవరూ భ్రమపడొద్దు. కానీ ఆ వేసవిలో వచ్చిన కౌన్సిల్ నివేదికే పెన్ట్రె తూముకు కట్టెలు అడ్డంపడ్డ సంగతి ఒప్పుకుంది. ఆ ఏడాది చివర లేబర్‌తో ప్లైడ్ చేసుకున్న ఒప్పందంలో, ఆ వరద నివేదికల్ని స్వతంత్రంగా పరిశీలించాలనే షరతు చేరింది. అడిగినంత కాదు, అందులో ముక్క. అయినా 'అక్కర్లేదు' అన్న నోటితోనే 'సరే' అనిపించారు.

ఇక మనవాళ్ళు కొందరు నొచ్చుకునే సంగతి. 2024 మార్చిలో వాన్ గెథింగ్ ఫస్ట్ మినిస్టరయ్యాడు. జాంబియాలో పుట్టినవాడు. తల్లి అక్కడి మనిషి. యూరప్‌లో ఒక దేశ ప్రభుత్వానికి నాయకుడైన తొలి నల్లవాడు. మనకు సంతోషమే, దాచుకోం. అయితే పార్టీ ఎన్నికలో ఖర్చుకు ఆయన రెండు లక్షల పౌన్లు తీసుకున్నది ఎవరి కంపెనీ దగ్గర? పర్యావరణ నేరాల్లో శిక్షపడ్డ వ్యక్తి కంపెనీ దగ్గర. డబ్బు తిరిగివ్వవేం అని ప్రతిపక్షాలు వారం వారం అడిగాయి. నిబంధనల ప్రకారమే తీసుకున్నానన్నాడు. మేలో ప్లైడ్ ఒప్పందం తెంచుకుంది. జూన్ 5న అవిశ్వాసం 29కి 27తో నెగ్గింది. జూలైలో రాజీనామా చెప్పాడు. నల్లవాడు గనకే ఇంత నిగ్గదీశారు, తెల్లవాడైతే వదిలేసేవాళ్ళు అన్నవాళ్ళున్నారు. అందులో నిజం ఉండొచ్చు. మంచిది, అదే ప్రశ్న తెల్లవాళ్ళనీ అడగమనండి. అంతేగాని నల్లవాడి చేతిలో ఉంది గనక ఆ డబ్బు ఎట్లాంటిదని అడక్కూడదంటే మేం ఒప్పుకోం. బొగ్గు గుట్టల కింద, చెత్తకుప్పల పక్కన బతికేది అన్ని రంగుల్లోని పేదలే గదా.

మన సభల గురించి ఎక్కువ రాయం, చదివేవాళ్ళకు తెలుసు. సమావేశాల మధ్య ఆరునెలలు దాటకూడదని మాత్రమే రాజ్యాంగం చెప్తుంది. ఆ గడువు దాటకుండా చూసుకుంటే చాలనుకుంటారు మన పాలకులు. రిజర్వుడు సీట్లలో గెలిచిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రశ్నోత్తరాల్లో లేవబోతే, 'మన ప్రభుత్వమే, కూర్చో' అని విప్పు కళ్ళెర్రజేస్తాడు. ఆ విప్పుకు ఏం జవాబు చెప్పాలో రోండా ఆడమనిషిని చూసి నేర్చుకోమంటున్నాం.

2024 నవంబర్‌లో బెర్ట్ తుఫానుకు రోండా దిగువన పాంటిప్రిద్‌లో మళ్ళీ ఇళ్ళు మునిగాయి. కుమ్‌టిలరీలో మళ్ళీ ఒక గుట్ట జారి ఇళ్ళమీదికొచ్చింది. ఆ ప్రాంతం నుంచి 2021లో గెలిచిన ప్లైడ్ సభ్యురాలు హెలెద్ వఖన్ సభలో లేచి నిలబడింది. 2020 తర్వాత ఏం నేర్చుకున్నారని మంత్రుల్ని మళ్ళీ మొదట్నుంచి అడిగింది. 2025లో పాత గుట్టల మీద ఒక చట్టం వచ్చింది, వాటిని చూసుకోవడానికి ప్రత్యేక సంస్థ పెట్టాలని. కొండల మీద గుట్టలు ఇంకా రెండువేలకు పైనే ఉన్నాయి.