గళ్ళు కనబడితే తప్పు ఫైలుది కాదు



టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిసిన ఫైలు తెరిస్తే అక్షరాల చోట గళ్ళు కనబడటం ఫాంటు లోపమే. ఫైలు పాడైందని మీ గత సంచిక వ్యాసం చెప్పడం సరికాదు. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఫైలులో ఉండేది ఆ సంకేతాలే. రూపం ఇచ్చేది ఫాంటు.

ఏ ఒక్క ఫాంటులోనూ అన్ని లిపులూ ఉండవు. అందుకే ఎడిటర్ లిపిని బట్టి ఫాంటు మారుస్తుంది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో తెలుగుకు నోటో సాన్స్ తెలుగు, హిందీకి నోటో సాన్స్ దేవనాగరి అని విడివిడిగా ఫాంటులు నిర్ణయించవచ్చు.

ఫాంటు ఒక్కటే చాలదు. గుంటూరు మిర్చి యార్డు చీటీ మీది ‘మిర్చి’నే చూడండి: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి అని ఆరు సంకేతాలు. వాటిని కూర్చి వత్తును కిందికి దించే పని హార్ఫ్‌బజ్ వంటి ఇంజనుది. ఈమాక్స్ దాన్ని 2020లో, 27వ కూర్పులో చేర్చుకుంది. సంకేతాలు అలా కలవకపోతే పొల్లు విడిగా నిలిచి, ‘చి’ పక్కన పడుతుంది.

ఒంగోలు, చిలకలూరిపేట డీటీపీ కేంద్రాల పాత ‘అను’ ఫాంటుల ఫైళ్ళ సంగతి వేరు. వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చున్నాయి. యూనికోడ్ ఫాంటు పెట్టినంత మాత్రాన అవి చదవడానికి రావు, యూనికోడ్‌లోకి మార్చాలి. పత్తి, మిర్చి రైతుల కరపత్రాలు, ఊరి చరిత్రలు వెతుక్కోవడానికి వీలుగా మిగలాలంటే ఈ పని వెంటనే చేపట్టాలి.

— ఒక పాఠకుడు, నరసరావుపేట