పాత కెమెరా ఎక్కడ కొనాలి?

పోయిన సంచికలో బ్యాంకు లాకరుకు నామినేషను ఎందుకు రాయాలో వివరించాను. దానిమీద మూడు ఉత్తరాలు వచ్చాయి. నాలుగో ఉత్తరం మాత్రం వేరే దారి పట్టింది. విరుదునగరం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. చేతిలో సెల్‌ఫోను ఉండగా రోలు వేసే పాత కెమెరా కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. మీకూ ఆ పిచ్చి ఉందని విన్నాము. మంచిది, పనిచేసేది ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా?"

పిచ్చి ఉన్నమాట నిజమేనమ్మా. నేను కామర్సు చదివినవాణ్ణి, సైన్సు నాకు పదో తరగతితో సరి. అయినా ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలను. కారణం, దీనికి నేను ఫీజు కట్టి నేర్చుకున్నాను.

మా నాయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. వడోదరలో తయారైన నల్లటి చిన్న పెట్టె. 120 రోలు వేస్తే 12 ఫోటోలు వచ్చేవి. ఎండ గుర్తు, మబ్బు గుర్తు చూసి తిప్పుకోవడమే, వేరే లెక్కలు లేవు. ఆ రోజుల్లో ఫిలిం కూడా మన రాష్ట్రంలోనే తయారయ్యేది. 1960లో ఉదకమండలంలో ప్రారంభించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ 'ఇందు' అనే పేరుతో నలుపు తెలుపు ఫిలిం అమ్మేది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మూతబడింది. మా నాయన కెమెరా అంతకన్నా ముందే పోయింది. 1998లో నాకు ట్రాన్స్‌ఫరైనప్పుడు ఇల్లు ఖాళీ చేస్తూ, "ఇదెందుకింక?" అని పాత పేపర్లతో పాటు దాన్నీ తూకానికి వేసేశాను. ఎవరినీ అనడానికి లేదు, చేసింది నేనే.

మా మేనత్తకు పెళ్ళికి ముందు తీసిన ఫోటో ఒక్కటే ఉండేది. వేపచెట్టు కింద ముక్కాలిపీట మీద కూర్చుని ఉంటుంది. తీసింది మా నాయన, ఆ పెట్టెతోనే. 2022లో అత్తకు 80 ఏళ్ళు నిండాయి. కోవిల్‌పట్టి దారిలో ఉన్న వాళ్ళ ఊరికి అందరం బయలుదేరాము. అంతకు నెల రోజుల ముందు నేను ఇంట్లో కూర్చునే, ఫోనులో ఒక ప్రకటన చూసి, 7,500 రూపాయలకు ఒక పాత 35 ఎంఎం కెమెరా తెప్పించుకున్నాను. 'పరీక్షించినది, చక్కగా పనిచేయును' అని రాసి ఉంది. పైకి కొత్తదానిలా తళతళలాడుతోంది. బటన్ నొక్కితే టక్కుమని శబ్దం వచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

"ఒరే అబ్బాయ్, మీ నాయన తీసినట్టు నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి తియ్యిరా," అని అత్తే అడిగింది. పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది. నల్లరేగడి నేల మీద మిట్టమధ్యాహ్నం ఎండ. రోలంతా, అంటే 36 ఫోటోలూ, తీశాను. సాత్తూరులో కడిగేవాళ్ళు లేరు గనుక చెన్నైకి కొరియరులో పంపాను. పది రోజులకు తిరిగి వచ్చింది. రోలంతా ఖాళీ. ఒక్క బొమ్మ లేదు.

సెల్‌ఫోనులో మా అబ్బాయి తీసినవి ఉన్నాయి గనుక పరువు కొంత దక్కింది. కానీ అత్త ఫోను చేసినప్పుడల్లా అదే ప్రశ్న: "కార్డు వచ్చిందా?" ఏమని చెప్పను?

ఆ ఖాళీ రోలు పట్టుకుని మా ఊళ్ళో స్టూడియో నడిపిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పెళ్ళిళ్ళు తీసిన చెయ్యి అది. ఇప్పుడు ఆ గదిలో వాళ్ళబ్బాయి జెరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు చూసుకుంటున్నాడు. ఆయన రోలును వెలుతురుకు పట్టుకుని చూశారు.

"మేనేజర్ సార్, అంచున అంకెలు కనబడుతున్నాయా? అవి కంపెనీవాడు వేసినవి. అవి వచ్చాయంటే కడిగినవాడి తప్పు లేదు. మీ కెమెరాలోకి వెలుతురే పోలేదు. ఏ స్పీడులో తీశారు?"

"ఎండ ఎక్కువ కదాని 500లో పెట్టాను."

ఆయన కెమెరా వెనక మూత తెరిచి, కిటికీ వైపు పట్టి, సెకనులో 60వ వంతులో నొక్కారు. వెలుతురు మెరిసింది. 500వ వంతులో నొక్కారు. టక్కుమని శబ్దం వచ్చింది గానీ వెలుతురు లేదు. లోపల రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాలట. మధ్యలో ఉండే సందులోంచి వెలుతురు ఫిలిం మీద పడుతుంది. ఇందులో మొదటి తెర బద్ధకించింది, రెండోది దాన్ని పట్టేసుకుంది. అంతే, సందు మూసుకుపోయింది.

"పనిచేసే కెమెరా అంటే శబ్దం చేసేది కాదు సార్. ఒక రోలు తీసి, కడిగి, చూపించినది," అన్నారు. ఆ తర్వాత బీరువాలోంచి తన పెంటాక్స్ కె1000 తీసి నా చేతిలో పెట్టారు. "ముందు ఒక రోలు వేయండి. ఫోటోలు వస్తే అప్పుడు డబ్బు సంగతి." 9,000కు బేరం కుదిరింది, అదీ ఫోటోలు వచ్చాకే. మా బ్యాంకులో కూడా ఇంత నమ్మకంగా అప్పివ్వము.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వస్తాను. ఎక్కడ కొనాలి?

మొదట మీ ఇంటి అటక, బీరువా వెతకండి. తర్వాత బాబాయిల ఇళ్ళు, మేనమామల ఇళ్ళు. గల్ఫు నుంచి, సింగపూరు నుంచి ఒకప్పుడు తెచ్చిన యాషికాలు, మినోల్టాలు ఎన్నో ఇళ్ళలో పట్టుచీరల కింద పడుకుని ఉన్నాయి.

రెండోది, మీ వీధిలోని పాత స్టూడియో. నా ఓటు దీనికే. ఆ కెమెరాతో అన్నం తిన్నవాడికి దాని జబ్బులన్నీ తెలుసు. రేపు ఏదైనా వస్తే మనిషి ఎదురుగా ఉంటాడు.

మూడోది, పెద్ద ఊళ్ళలో కెమెరా రిపేరు చేసేవాళ్ళు. మా తరానికి చెన్నైలో పాత సామానంటే సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్టే. 1985లో అది కాలిపోయింది. కానీ బొంబాయిలో బోరా బజారు, కలకత్తాలో ఎస్ప్లనేడు దగ్గర మెట్రో గల్లీ, ఢిల్లీ చాందినీ చౌకులో కూచా చౌదరి కెమెరాలకు పేరుపడ్డ వీధులే. పిల్లలు ఆ ఊళ్ళలో ఉద్యోగాల్లో ఉంటే వెళ్ళి విచారించమనండి. రిపేరు చేసేవాడి దగ్గర కొంటే రేటు కొంచెం ఎక్కువే, కానీ శుభ్రం చేసి ఇస్తాడు.

నాలుగోది, సంతలు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజారు, బొంబాయిలో చోర్ బజారు. ఇక్కడ అదృష్టం ఉంటే ముత్యం, లేకపోతే గవ్వ. అక్కడికక్కడ పరీక్ష చేసుకోవడం తెలిస్తేనే వెళ్ళండి.

ఐదోది, ఫోనులో చూసి కొనడం. జపాను నుంచి కూడా తెప్పించుకోవచ్చు. అయితే పోస్టు ఖర్చు, దిగుమతి సుంకం, జీఎస్టీ కలిపి లెక్క వేసుకోవాలి. వాపసు తీసుకుంటామని రాతలో ఉంటేనే డబ్బు కట్టండి. ఆ కెమెరాతో ఈమధ్య తీసిన ఫోటోలు పంపమని అడగండి. పంపనివాడికి ఒక నమస్కారం.

ఇక పరీక్ష. నగల మీద అప్పు ఇచ్చేముందు మా అప్రైజరు గీటురాయి మీద గీయకుండా సంతకం పెట్టడు. కెమెరాకూ అలాంటి గీటురాళ్ళు ఉన్నాయి.

వెనక మూత తెరిచి, వెలుతురుకు పట్టుకుని, ఒక్క స్పీడు కూడా వదలకుండా నొక్కి చూడండి. ఒక సెకను అంటే నిజంగా ఒక సెకను పట్టాలి. పై స్పీడుల్లో కూడా వెలుతురు మెరవాలి. నేను చేయనిది ఇదే.

లెన్సు వెనకనుంచి టార్చి వేయండి. లోపల సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచినవాటికి ఇది ఎక్కువ, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచుతుంది. బూజు ముదిరితే అద్దాన్నే తినేస్తుంది.

బ్యాటరీ గది తెరిచి చూడండి. పచ్చటి చిలుము ఉంటే బేరం తగ్గించండి, లేదా లేచి రండి. మూత అంచున నల్లటి స్పాంజి జిగటగా పొడిపొడిగా రాలితే మాత్రం భయపడకండి, అది చవగ్గా మార్పించుకోవచ్చు.

పనికిరాని పాత రోలు ఒకటి వేసి తిప్పండి. ముందుకు తిప్పుతున్నప్పుడు ఎడమవైపు రోలు చుట్టే పిడి కూడా తిరగాలి. తిరగకపోతే ఫిలిం కదలడం లేదన్నమాట.

ఏ కెమెరా అంటారా? బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేసేది మొదటిసారి కొనేవాళ్ళకు మంచిది. 1976 నుంచి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000, 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2 ఆ కోవలోవి. రష్యా జెనిత్‌లూ అంతే. బ్యాటరీ వీటిలో వెలుతురు కొలవడానికి మాత్రమే. ఇంకో జాగ్రత్త, 35 ఎంఎం గానీ 120 గానీ వేసే కెమెరానే కొనండి. తాతల కాలం కోడక్ పెట్టెలు చాలావాటికి 620, 127 రోళ్ళు కావాలి. అవి మామూలు షాపుల్లో దొరకవు. అలాంటిది షోకేసుకే అందం.

చివరగా, మా వృత్తి ప్రకారం ఒక లెక్క. నా కిందటి రోలు 950 రూపాయలు, కడిగి స్కాన్ చేసినందుకు 450, కొరియరు 100. మొత్తం 1,500. 36 ఫోటోలకు పంచితే నొక్కిన ప్రతిసారీ దాదాపు 42 రూపాయలు. కెమెరా ఒకసారి పెట్టే ఖర్చు, రోలు నెలనెలా కట్టే కంతు. అబ్బాయికి ఈ లెక్క ముందే చెప్పండి. అప్పుడు ప్రతిదాన్నీ చూసి, ఆగి, నొక్కుతాడు. ఆ ఆగడం నేర్చుకుంటే డబ్బు వృథా కాలేదనే నా అభిప్రాయం.

పెద్దాయన కెమెరా తీసుకుని ఆ దీపావళికే మళ్ళీ అత్త ఊరికి వెళ్ళాను. ఖాళీ రోలు సంగతి దాచకుండా చెప్పేశాను. "దానికేం, నేనెక్కడికి పోతాను? మళ్ళీ తియ్యి," అని అదే చీర కట్టుకుని అదే చెట్టు కింద కూర్చుంది. ఈసారి ఫోటోలు వచ్చాయి. ఒకటి పెద్ద సైజు వేయించి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "మీ నాయన తీసినదాంట్లో నేను నవ్వలేదురా," అంది. పెళ్ళికి ముందు తీసిన ఫోటో పక్కనే దాన్నీ ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

మరుసటి ఏడు మాఘమాసంలో అత్త పోయింది. వాళ్ళింట్లో దండ వేసి పెట్టిన పటం ఆ రోలులోదే.

విరుదునగరం సోదరికి నా సలహా ఇదీ. అబ్బాయిని వెంటబెట్టుకుని మీ ఊరి పాత స్టూడియోకు ఒకసారి వెళ్ళండి. కెమెరా దొరకకపోయినా, దాన్ని పట్టుకోవడం నేర్పే మనిషి దొరుకుతాడు. బోర్డు తీసేయకముందే వెళ్ళండి.

వచ్చే సంచికలో పోయిన ఫిక్సెడ్ డిపాజిట్ రసీదుకు నకలు ఎలా పొందాలో చూద్దాం.